నీళ్ళు తగ్గిన ఏడాది

మొదలుపెట్టావా తల్లీ? నేనెలా చెబితే అలాగే రాసుకో. మొన్నటిలా నా మాటలు తీసేసి నీ కాలేజీ మాటలు పెట్టావంటే ఊరుకోను. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా గొంతు నాకే వినపడ్డం లేదు.

డెబ్బై ఆరులో మేం కతర్ దేశంలో, దోహాలో ఉన్నాం. ఉమ్ ఘువైలినా అనే పేటలో రెండు గదుల ఇల్లు, వెనకాల చిన్న పెరడు. మీ తాతయ్యకి సముద్రపు నీళ్ళు కాచి మంచినీళ్ళు చేసే ప్లాంట్‌లో ఉద్యోగం. చమురు డబ్బు అప్పుడే పొంగుతోంది. పొద్దున లేచి చూస్తే ఎదుటి ఖాళీ స్థలంలో గోడలు లేచి ఉండేవి. అంత డబ్బున్న ఊళ్ళో కూడా మాకు నీళ్ళు టాంకర్‌లోనే వచ్చేవి. అది రాని రోజున, ఊరందరికీ నీళ్ళు చేసిపెట్టే మీ తాతయ్య అరబకెట్టుతో స్నానం కానిచ్చి డ్యూటీకి వెళ్ళేవారు. నేను నవ్వితే కోపం.

మా పెరడుకీ పక్కింటి పెరడుకీ మధ్య నా భుజాల ఎత్తు గోడ. అవతల గన్నేరు చెట్టు. ఆ ఎండకి మనుషులం వాడిపోయేవాళ్ళం గానీ ఆ గన్నేరు మాత్రం విరగబూసేది. ఆ ఇంట్లో తెల్లవాళ్ళు, మొగుడూ పెళ్ళాం. ఆయనా తాతయ్య ప్లాంట్‌లోనే. పిల్లల్లేరు. ఆవిడ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మేం ఆవిడని "ఇంగ్లీషు దొరసాని" అనుకునేవాళ్ళం. ఓసారి ఆ మాట ఆవిడ ముందే అన్నాను, మర్యాదకే అనుకో. మూతి ముడుచుకుంది.

"నేను ఇంగ్లీషు మనిషిని కాదు. మాది వేల్స్. మా భాష వేరు. ఇంగ్లీషు నేనూ బళ్ళోనే నేర్చుకున్నాను, నీలాగే."

"అయితే మనిద్దరికీ ఇంగ్లీషు అద్దె ఇల్లే అన్నమాట" అన్నాను. పగలబడి నవ్వింది. అప్పట్నుంచి నన్ను వాళ్ళ భాషలో "కారియాద్" అని పిలవడం మొదలుపెట్టింది. మనం "బంగారం" అంటామే, అలాంటిదట.

ఇంక అసలు సంగతి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఓ ఆదివారం పొద్దున గుడ్డలు ఆరేస్తూ గోడ మీంచి చూశాను. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో ఓ రాయిని తోముతోంది. నల్లటి రాయి, పలచగా, మన పల్నాడు నాపరాయిలాగే ఉంది. మూరెడు ఎత్తుంటుంది. గన్నేరు మొదట్లో నిలబెట్టి ఉంది. దాని మీద ఏవో అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలే, కూడబలుక్కున్నా మాట మాత్రం కాలేదు. ఆవిడ దాన్ని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చుట్టూ గన్నేరు పూలు పేర్చింది.

నువ్వే చెప్పు. చెట్టు కింద రాయి. రాయికి స్నానం, పూలు. పల్నాడులో పుట్టినదాన్ని నేనేమనుకుంటాను? వీళ్ళకి కూడా పోలేరమ్మ ఉందన్నమాట అనుకున్నాను! ఎంత సంతోషం వేసిందో. పరాయి దేశంలో ఇన్నాళ్ళూ పక్కపక్కనే ఉండి ఈ సంగతే తెలియలేదే అని లోపలికి పరిగెత్తి, పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని, పొద్దున కలిపిన పులిహోర గిన్నెలో సర్దుకుని, వీధి వైపు నుంచి తిరిగి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ నోరు తెరిచేలోపే రాయికి పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాను.

"మీ దేవత పేరేమిటండీ?" అన్నాను.

"దేవత కాదు కారియాద్. నా కొడుకు" అంది.

కొంగు చేతికి చుట్టుకుని ఆ పసుపు తుడవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఏమిటిది?"

"పసుపు."

"ఎందుకు పెడతారు?"

"మంచిది కాబట్టి."

"అయితే ఉండనీ."

ఇద్దరం ఆ రాయి దగ్గరే నేల మీద కూర్చున్నాం. ఆవిడ నా పులిహోర తింటూ, కారం కారం అంటూ కళ్ళు తుడుచుకుంది. అందులో అంత కారం లేదు.

అప్పుడు చెప్పింది. వాళ్ళ దేశంలో ఈస్టరుకి ముందు ఆదివారాన్ని పూల ఆదివారం అంటారట. ఆ రోజుకల్లా అందరూ బ్రష్షులూ బకెట్లూ పట్టుకుని శ్మశానానికి వెళ్ళి, తమవాళ్ళ సమాధులు శుభ్రంగా తోమి, పూలు పెట్టి వస్తారట. ఆడా మగా పిల్లా జెల్లా అందరూ. ఆవిడకి మాత్రం వెళ్ళడానికి శ్మశానం లేదు. ఇంగ్లండులో ఏదో పెద్ద పట్నానికి నీళ్ళు చాలడం లేదని వీళ్ళ లోయకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. వద్దు మొర్రో అని ఊరంతా ఆ పట్నం వెళ్ళి వీధుల్లో నడిచినా ఎవరూ వినలేదు. ఇళ్ళూ, బడీ, ప్రార్థన మందిరం, అన్నీ కూలగొట్టి నీళ్ళు వదిలారు. అంతకుముందు శ్మశానంలో ఉన్నవాళ్ళ సంగతి ఇంటింటికీ వచ్చి అడిగారట, మీవాళ్ళని తవ్వి వేరేచోటికి మార్చమంటారా, ఉంచేయమంటారా అని.

"మీరేమన్నారు?"

"ఉంచేయమన్నాను. వాడు మా అమ్మమ్మ పక్కన పడుకున్నాడు. పసివాణ్ణి అక్కణ్ణించి లేపి, ముక్కూ ముఖం తెలియనివాళ్ళ మధ్య పడుకోబెట్టనా?"

రాళ్ళు మాత్రం పీకేసి, పైన సిమెంటు పోశారట. ఆవిడ నాన్న రాతి గనిలో పనిచేసేవాడు. మనవడి రాయి ఆయనే తన చేత్తో చెక్కాడు. అందుకని అది ఇంటికి తెచ్చుకున్నారు. తర్వాత ఈవిడ పెట్టెలో పెట్టుకుని ఇంతదూరం తెచ్చుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మీ తాతయ్యతో అన్నాను, "పక్కింటావిడ ఊరు కూడా మునిగిపోయిందటండీ" అని. ఆయన కలుపుతున్న చెయ్యి ఆగింది. "మజ్జిగ పొయ్యి" అన్నారు. అంతే.

కూడా అని ఎందుకన్నానో నీకు తెలుసుగా. నేను పుట్టిన ఊరు సాగర్ ఆనకట్ట నీళ్ళ కింద ఉంది.

సరే, ఎండాకాలం వచ్చింది. దోహా సంగతి సరే, ఆ ఏడాది వాళ్ళ దేశంలో కూడా కనీవినీ ఎరగని ఎండలట. ఎప్పుడూ చినుకు తెగని చోట వానే లేదు. ఓ రోజు ఆవిడ గోడ మీంచి పేపరులో కత్తిరించిన బొమ్మ ఒకటి చూపించింది. వాళ్ళక్క పంపిందట. నెర్రెలు విచ్చిన బురద. మధ్యలో మొండిగోడలు, చిన్న వంతెన. ఆ బురదలో జనం తిరుణాళ్ళకి వచ్చినట్టు తిరుగుతున్నారు.

"మా ఊరు. నీళ్ళు దిగిపోయాయి. శ్మశానం కూడా తేలిందట, అక్క రాసింది" అంది.

"వెళతారా?"

"రాయి తీసుకెళతాను. వానలు పడేలోపు వాడి మీద నిలబెట్టి వచ్చేస్తాను."

"మళ్ళీ నీళ్ళొస్తే మునిగిపోతుంది కదండీ?"

"మునగనీ. ఇన్నాళ్ళూ పేరు లేకుండా పడుకున్నాడు. నీళ్ళ కిందైనా సరే, ఇక పేరుతో పడుకుంటాడు."

తలుచుకుంటే వెళ్ళిపోవడానికి అది మన ఊళ్ళో బస్సు కాదు కదా. కతర్ గడప దాటాలంటే కఫీల్ సంతకం కావాలి. కఫీల్ అంటే మనకి పూచీ పడి తెచ్చుకున్న అక్కడి ఆసామి. మా ఇద్దరిళ్ళకీ ఒకాయనే కఫీల్. ఆయనేమో ఎండలకి తట్టుకోలేక ఇంటిల్లిపాదినీ తీసుకుని చల్లదనం కోసం లండన్ వెళ్ళాడు. ఆ ఏడు లండనే పెనంలా ఉంది పాపం! సంతకం పెట్టాల్సినాయన ఆవిడ దేశం పక్కన, ఆవిడేమో ఈయన దేశంలో.

ఆవిడ మొగుడికి ప్లాంట్ వదలడానికి వీల్లేదు, ఎండాకాలంలో ఊరికి నీళ్ళు ఆగకూడదు కదా. అందుకని కంపెనీ ఆఫీసుకి నేనే తోడు వెళ్ళేదాన్ని. అక్కడ సర్కారు కాగితాలు చూసే అబ్బాయి ఒకడు, నెమ్మదైనవాడే.

"బుక్రా మేడమ్, బుక్రా" అనేవాడు. అంటే రేపు.

"నిన్న కూడా రేపే అన్నావు బాబూ" అన్నాను నేను హిందీలో.

"నిన్నటి రేపు అయిపోయింది సిస్టర్. ఇది కొత్త రేపు."

బయటికొచ్చాక ఆవిడకి చెప్పాను, మావైపు తలుపుల మీద రేపు రా అని రాసి దయ్యాన్ని తిప్పి పంపేస్తారు, వీళ్ళు మనల్ని దయ్యాలనుకుంటున్నారు అని. నవ్వింది. నవ్వుతూనే కారు తలుపుకి ఆనుకుని నిలబడిపోయింది.

సాయంత్రం అయితే రేడియో. గరగరమంటూ లండన్ వార్తలు. వాన మాట వస్తుందేమోనని చెవి దానికే ఆనించి కూర్చునేది. అక్కడ వాళ్ళక్క వీధి కుళాయి దగ్గర బకెట్టుతో వరసలో నిలబడుతోందట. దేశం దేశమంతా వాన రావాలని మొక్కుకుంటుంటే ఈవిడ ఒక్కతీ వద్దని మొక్కుకునేది.

"నాకు పాపం తగులుతుందా?" అని నన్నడిగింది.

"మీ ఒక్కరి మొక్కుకి ఆగే వాన అయితే మిమ్మల్ని మా పల్నాడుకి ఏనాడో పట్టుకెళ్ళేదాన్ని, వాన రావాలని మొక్కుకోమని" అన్నాను.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం వాళ్ళింటికి వెళితే రాయిని తువ్వాలులో చుట్టి పెట్టెలో పెడుతోంది. పెట్టింది, మళ్ళీ తీసింది, ఇంకో తువ్వాలు చుట్టింది. కూలరు హోరుమంటోంది. తలెత్తకుండానే అడిగింది:

"మీ ఊరు కూడా నీళ్ళ కిందే ఉందట కదా. మీ ఆయన ప్లాంట్‌లో మా ఆయనతో అన్నాడట. అక్కడ నీకెవరున్నారు?"

మీ తాతయ్య పరాయివాడితో ఆ మాట అన్నారా అని నాకు ఆశ్చర్యం. నాతో ఏనాడూ ఎత్తని మాట. ఇది మీ నాన్నకి కూడా నేను సరిగ్గా చెప్పలేదు తల్లీ. రాసుకో, ఫరవాలేదు.

మీ నాన్నకి ముందు నాకో పిల్లాడు. పురిటికి పుట్టింటికి వెళ్ళాను, అక్కడే పుట్టాడు. బారసాల కాకుండానే పోయాడు. మనలో పసిబిడ్డల్ని కాల్చరు, పూడుస్తారు. ఆడవాళ్ళు వెంట వెళ్ళకూడదు. పెట్టినచోటు తల్లికి చెప్పరు, చెబితే కాళ్ళు అటే లాగుతాయని. తీసుకెళ్ళిన మగవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. దినం లేదు, తద్దినం లేదు, రాయి అసలే లేదు. ఆ ఊసు ఎత్తకూడదు, ఎత్తితే తర్వాతి కడుపు నిలవదని పెద్దవాళ్ళ మాట. నేను ఎత్తలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఊరు ఖాళీ చేయించారు.

ఇదంతా నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ విని, "పూలు కూడా పెట్టలేదా?" అంది.

"పెట్టారు. వాడికి కాదు, నాకు."

ఆవిడకి అర్థం కాలేదు. పాలు పొంగుతుంటే ఇంకిపోవాలని మా అమ్మ నా రొమ్ములకి మల్లెపూలు వేసి గుడ్డతో బిగించి కట్టింది. వాడిపోతే తీసి మళ్ళీ కొత్తవి. ఇంట్లో పెళ్ళి జరుగుతున్నట్టు వాసన. నీ ఓణీల ఫంక్షనులో నాకు మల్లెదండ వద్దన్నానని అలిగావు చూడు, అదీ సంగతి.

ఆవిడ చుడుతున్న రాయిని పక్కన పెట్టి, నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. "నీ పిల్లాడికి నేనేం తీసుకెళ్ళను?" అంది.

ఇంటికి వచ్చి కాస్త పసుపు, కాస్త కుంకుమ పొట్లం కట్టి ఇచ్చాను. "ఆ నీళ్ళలో వెయ్యండి. ఏ నీళ్ళయితేనేం" అన్నాను.

రంజాను నెల వచ్చేసరికి కఫీల్ తిరిగొచ్చాడు. కాగితం ముందు పెట్టగానే సంతకం పెట్టేశాడు. ఎందుకు, ఏమిటి అని కూడా అడగలేదు. అప్పటికే రేడియోలో వాన మొదలైంది. అక్కడ జనం వీధుల్లోకొచ్చి తడుస్తూ గంతులేస్తున్నారని వార్తలాయన చెప్పాడు. ఆవిడ రేడియో ఆపేసి, "లోయ నిండడానికి రోజులు పడుతుంది. పెద్ద లోయ" అంది. నాతో కాదు, పెట్టెతో చెప్పినట్టు.

కంపెనీ కారులో విమానం దగ్గరికి దిగబెట్టాం. డ్రైవరు మన కరీంనగర్ అతనే. పెట్టె ఎత్తబోయి దించేశాడు.

"ఏమున్నదమ్మా గిండ్ల? ఇనుమా? విమానం లేస్తదా దీంతోని?"

"రాయి నాయనా."

"గీడ లేని రాళ్ళా అమ్మా, గాడికేంచి గీడికి, గీడికేంచి గాడికి?" అని నవ్వుతూనే మోసుకెళ్ళాడు.

పండగ వెళ్ళాక ఆవిడ తిరిగొచ్చింది. ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేక ఎదురు వెళ్ళలేదు. డ్రైవరు ఆవిడని దించి, మా గుమ్మంలోకి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. తాగి, చెంబు కింద పెట్టి, "అమ్మా, పోయిన పెట్టె పోయినట్టే వచ్చింది. గంతే బరువుంది" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

నేను వెంటనే వెళ్ళలేదు. రెండు రోజులాగి వెళ్ళాను. రాయి గన్నేరు కింద ఎప్పటిచోటే నిలబెట్టి ఉంది. ఆవిడ టీ పెట్టి ఇచ్చి చెప్పింది. అక్కా తనూ వెళ్ళేసరికి జోరున వాన. రోడ్డు మీద గొడుగేసుకుని నిలబడి చూశారట. నీళ్ళు ఎక్కేశాయి. ఒక గోడ కొస మాత్రం కనపడిందట, అదీ చూస్తుండగానే మునిగిపోయింది. శ్మశానం ఎక్కడో వేలు పెట్టి చూపించడానికి కూడా గుర్తు లేదు.

"అక్క అంది, రాయిని నీళ్ళలోకి విసిరెయ్, వాడి దగ్గరికే చేరుతుంది అని. చేతుల్లోకి తీసుకున్నాను కూడా. విసరలేకపోయాను. ఎక్కడ పడుతుందో. వాడి పేరు వేరేవాళ్ళ మీద పడితే?"

కప్పు కింద పెట్టింది. "నీ పొట్లం మాత్రం విప్పి వేశాను. వాన పడుతున్నా ఆ పసుపు నీళ్ళ మీద కాసేపు నిలిచింది. నేనున్నంతసేపూ ఉంది."

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. పూల ఆదివారం. ఈసారి పసుపు పట్టుకుని కాదు, బ్రష్షు పట్టుకుని వెళ్ళాను. ఇద్దరం కూర్చుని తోముతుంటే వాళ్ళ టాంకులో నీళ్ళు నిండుకున్నాయి. మీ తాతయ్యకి ఆ వారం రాత్రి డ్యూటీలు, పొద్దున ఇంట్లోనే ఉన్నారు. గోడ మీంచి కేకేస్తే లుంగీ మీదే బకెట్టు మోసుకొచ్చారు. తనే వంగి రాయి మీద పోశారు. పోసి వెళ్ళిపోతారనుకున్నాను. బకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఆవిడ గన్నేరు పూలు రెండు గుత్తులు కట్టింది. రెండూ రాయి ముందు పెట్టింది. "ఇది వాడికి. ఇది నీ వాడికి" అంది నాతో.

అప్పుడు మీ తాతయ్య, రాయి వైపే చూస్తూ, తెలుగులో, "రేగుచెట్టు కింద" అన్నారు.

"ఏమిటండీ?"

"మీ ఊరవతల, వాగు దాటాక రేగుచెట్టు ఉండేది చూడు. దాని కింద."

"మీరేనా తీసుకెళ్ళింది?"

"మీ బాబాయి తవ్వాడు. నేను పట్టుకున్నాను."

"దేంట్లో చుట్టారు?"

"నీ చీరే. కంగారులో ఏం దొరుకుతుంది, దండెం మీదున్నది లాక్కున్నాను. ఆకుపచ్చది."

చెప్పి, ఖాళీ బకెట్టు తీసుకుని వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆవిడ నా మొహం చూసి, ఏమన్నాడు ఏమన్నాడు అంది. రేగుచెట్టుని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. "ఒక చెట్టు కిందట" అన్నాను. ఆవిడ రాయి ముందు నుంచి రెండో గుత్తి తీసి, తీసుకెళ్ళి గన్నేరుకి అవతలివైపు, చెట్టు మొదట్లో పెట్టింది. మట్టి కాస్త చదును చేసి మరీ పెట్టింది.

తర్వాత ఎన్నేళ్ళు కాపురం చేశామో, తాతయ్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆ ఒక్కసారి చెప్పారు, చాలు.

ఆ చీర కోసం ఎన్ని పెట్టెలు వెతికానో తల్లీ. పురిటికి వెళ్ళేటప్పుడు మీ తాతయ్యే కొనిపెట్టిన నూలు చీర, ఇంకా గంజి కూడా వదల్లేదు. పచ్చి బాలింతని, మంచం మీంచే దండెం వైపు చూసి నా చీరేదమ్మా అంటే ఇంట్లో ఎవ్వరూ పలకలేదు. మా చెల్లెలు కట్టుకుపోయిందనే అనుకున్నాను అన్నాళ్ళూ. అది వాడికి కప్పి ఉంది. నాకు తెలియదు.

రాసుకున్నావా? ఆకుపచ్చ చీర అని రాశావా? అంచు ఎర్రది, సన్నటి అంచు. అది కూడా పెట్టు.